ఇసుక దారి: గంజాము నుండి జగన్నాథమునకు

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యను సామెత మన ఇండ్లలో నేటికిని వినబడుచునే యున్నది. పొగబండి రాక పూర్వము తీర్థయాత్రకు బయలుదేరినవాడు మరల గడప త్రొక్కునను నమ్మకము ఇంటివారికి ఉండెడిది కాదు. కాశి మాట అటుండనిండు. గంజాము సీమలోని తెలుగువారికి పొరుగుననే యున్నట్లు తోచు జగన్నాథ క్షేత్రమునకు పోవుట సైతము ఒకప్పుడు సులభమైన పని కాదు. నేడు బరంపురములో ఉదయము రైలెక్కినవారు మధ్యాహ్నమునకు పూరీ చేరి స్వామిని దర్శింపగలరు. ఆ ప్రయాణమే పూర్వము కొన్ని దినముల కాలినడక. అందులో అధికభాగము ఇసుకలో నడక. ఆ దారి యెట్టిది, ఆ దారిని యాత్రికులను నడిపించిన వారెవరు అను విషయమును మన సంఘము వారి ఈ సంచికలో కొంచెము ముచ్చటింపదలచితిని.

గంజాము పట్టణము ఋషికుల్యా నది సముద్రమున కలియు చోటికి చేరువను, ఉత్తరపు గట్టున నున్నది. కుంపిణీవారి తరఫున ఎడ్వర్డు కాట్స్‌ఫర్డు అను దొర 1768లో ఇచ్చటికి అధికారిగా వచ్చెను. పోటగడ అను కోట యిచ్చట నేటికిని కనబడుచున్నది. జిల్లాకు ముఖ్యస్థానమై, వర్తకముచేత కలకలలాడిన యీ పట్టణమును 1815లో వచ్చిన విషజ్వరము పాడుచేసినది. అధికారులు బరంపురమునకును, పిదప ఛత్రపురమునకును తరలిపోయిరి. ఊరు చిన్నదైనను జిల్లాకు దాని పేరే నిలిచినది.

గంజాము దాటి ఉత్తరముగా పోగా పాలూరు కొండ వచ్చును. ప్రాచీన గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడైన టాలెమీ పేర్కొన్న పలూరా యను రేవు ఇదియే యని చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయము. ఆ కొండ దాటినంతనే చిల్కా సరస్సు మొదలగును. ఇది సుమారు 64 కిలోమీటర్ల పొడవు గల ఉప్పునీటి సరస్సు. దీనికి పడమటి వైపున ఖల్లికోట, బాణపురముల కొండలు దాదాపు నీటి అంచువరకు దిగివచ్చును. నేటి రైలుమార్గమును పెద్ద రహదారియు ఆ ప్రక్కనే పోవుచున్నవి. కాని ఆ కాలమున ఆ ప్రక్క దట్టమైన అడవి. తూర్పు వైపున సరస్సునకును సముద్రమునకును నడుమ సన్నని ఇసుక పట్టీ యొకటి నాగలిచాలు వలె సాగిపోవుచున్నది. దక్షిణమునుండి వచ్చు యాత్రికులు ప్రయాగి, మాలూదు, మాణికపట్నము అను ఊళ్లమీదుగా ఆ పట్టీ వెంబడి పూరీకి నడిచెడివారు. గంజామునుండి పూరీకి పక్షి ఎగిరిన దూరము నూరు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. నడిచినవానికి అంతకంటె ఎక్కువయే.

ఈ దారి స్వభావమును పాఠకులు ఒక్కసారి మనస్సునకు తెచ్చుకొనవలెను. కుడివైపున సముద్రము, ఎడమవైపున సరస్సు, నడుమ ఇసుక. మాలూదు దగ్గర నేల వెడల్పయి పల్లెలకును పొలములకును చోటిచ్చును. మిగిలిన చోట్ల ఇసుక దిబ్బలును మొగలిపొదలును తప్ప నిలువ నీడ లేదు. నేడు కనబడు సరుగుడు తోటలు తరువాతివారు నాటినవి. రెండు ప్రక్కలను కనుచూపు మేర నీరే. దోసిట పట్టి నోట పోసికొనుటకు ఏదియు పనికిరాదు. పర్వతముల నడుమ ఇరుకు లోయలో చిక్కినవానికి రెండు ప్రక్కల రాతిగోడలున్నట్లు, ఇచ్చట నడచువానికి రెండు ప్రక్కల నీటిగోడలు. ముందుకు పోవలెను, కానిచో వచ్చిన దారినే మరలవలెను. ప్రక్కకు తొలగుటకు వీలు లేదు.

ఇట్టి దారిలో బలము కంటె తెలివి ముఖ్యము. అందులోను ఆ చోటు నెరిగిన తెలివి ముఖ్యము. దారి చూపువాడు మొదట ఎరుగవలసినది వేళ. పొడి ఇసుకలో అడుగు వేసినచో పాదము చీలమండవరకు దిగబడును. రెండడుగుల శ్రమకు ఒక అడుగు ఫలము. సముద్రము వెనుకకు తీసిన వేళ తడిసి గట్టిపడిన ఇసుకమీద నడచినచో రహదారిమీద నడచినట్లే యుండును. కాని ఆ వేళ ప్రతిదినము ఒక్కటి కాదు. ఆటుపోట్లు దినదినమును దాదాపు రెండు గడియలు ఆలస్యముగా వచ్చును. అమావాస్యకును పున్నమికిని పోటు హెచ్చు. అష్టమి దినములలో తక్కువ. కనుక తిథి తెలిసినవానికి సముద్రము తెలిసినట్లే. పంచాంగము పురోహితునికి ఎంత అవసరమో, ఈ తీరమున నడచు పల్లెకారునికిని అంత అవసరము. తెల్లవారుజామున లేచి, ఎండ ముదరక మునుపే మజిలీ చేరుట, లేనిచో వెన్నెలలో నడచుట, మిట్టమధ్యాహ్నము ఏ పొదనీడనో పడియుండుట — ఇదియే ఇట్టి దారి నేర్పు క్రమము.

రెండవది నీరు. ఉప్పునీటి నడుమ మంచినీరెక్కడిది యని మనకు సందేహము కలుగవచ్చును. ప్రకృతి యిచ్చట ఒక ఏర్పాటు చేసియున్నది. ఇసుకమీద కురిసిన వాన లోపలికి ఇంకి, అడుగున నున్న ఉప్పునీటికంటె తేలిక యగుటచేత దానిపైననే తేలియుండును. దిబ్బల నడుమ పల్లములో మూరెడు రెండు మూరల లోతున చెలమ తీసినచో తీయని నీరూరును. ఇంకను మంచినీరు వచ్చునను ఆశతో లోతుగా త్రవ్వినచో ఉప్పునీరు పైకి వచ్చి ఉన్నదియు చెడును. ఎచ్చట త్రవ్వవలెనో తెలియుట ఒక విద్య. ఎచ్చట ఆపవలెనో తెలియుట అంతకంటె పెద్ద విద్య. తన గుంపు త్రాగిన తరువాత వెనుక వచ్చువారికై చెలమను చెడగొట్టక విడిచిపోవుట ధర్మము.

మూడవది మనుష్యులు. యాత్రకు వచ్చువారు సైనికులు కారు. ముసలి తల్లులు, విధవలు, బిడ్డలను చంకనెత్తుకొన్న స్త్రీలు, జీవితములో ఒక్కసారియైన స్వామి రథమును చూడవలెనని కూడబెట్టిన సొమ్ము కొంగున ముడివేసికొన్న బీదలు. వారి మూటలు వారి తలలమీదనే. కలిగినవారికి కావడి మోయువాడు. అందరికంటె మెల్లగా నడచువాని నడకయే గుంపు నడక కావలెను. ముందున్నవాడు తొందరపడినచో వెనుకనున్నవాడు ఎండకు సోలి పడును. అదియును గాక రథయాత్ర ఆషాఢమున వచ్చును. పోవునప్పుడు జ్యేష్ఠపు టెండ, వచ్చునప్పుడు వాన. ఒక్క దారియే రెండు దారులగును. వానలతో విషూచి వచ్చును. పూరీ దారులలో ఆ వ్యాధికి బలియైన యాత్రికులకు లెక్క లేదు.

నాలుగవది సరస్సు ముఖద్వారము. చిల్కా నీరు సముద్రములో పడు చోట ఇసుక పట్టీ తెగిపోవును. అచ్చట పడవ ఎక్కక తప్పదు. ఆ ముఖము స్థిరమైనది కాదు; అలలు తెచ్చు ఇసుక దానిని పూడ్చుచుండును, వరద దానిని వేరొక చోట తెరచుచుండును. మన కాలములోనే పాత ముఖము పూడుకొనిపోయి సరస్సు క్షీణించుటచేత, 2000వ సంవత్సరము సెప్టెంబరు నెలలో క్రొత్త ముఖమును త్రవ్వవలసి వచ్చినది. కనుక నిరుడు దాటిన రేవు ఈ ఏడు రేవు కాకపోవచ్చును. పటము చూచి పోవువాడు ఇచ్చట మోసపోవును. పడవవానిని అడిగి పోవువాడు దాటును.

ఈ దారిలో దాహము దేవతలకును తప్పలేదని ఉత్కళ దేశపు కథ చెప్పుచున్నది. గజపతి పురుషోత్తమదేవుడు పదునైదవ శతాబ్దమున కంచిపై దండెత్తి పోవుచుండగా, జగన్నాథ బలభద్రులు నల్లని, తెల్లని గుఱ్ఱములనెక్కి సైన్యమునకు ముందు నడచిరట. చిల్కా తీరమున దాహము గొని మాణిక యను గొల్లస్త్రీ వద్ద పెరుగు త్రాగి, ధరకు మారుగా ఉంగరమిచ్చి, వెనుక వచ్చు రాజు సొమ్ము చెల్లించునని చెప్పిరట. ఆమె పేరనే మాణికపట్నము వెలసినదని ఐతిహ్యము. కథలోని సత్యమెంతయైనను, దాని భావము ముఖ్యము. లోకమును నడపు స్వామికే దారిలో చల్లనిచ్చినది ఆ చోటి సామాన్య స్త్రీ. ఆ ఊరు కల్పితము కాదు. అచ్చటి త్రవ్వకములలో చీనాదేశపు పింగాణి పాత్రల ముక్కలును సింహళపు నాణెమును దొరకుటచేత, అది ఒకప్పుడు ఓడలు వచ్చు రేవని తేలినది.

దారి చూపినవాని మాట చరిత్రలో కెక్కిన సందర్భ మొకటి కలదు. అది యాత్రికులకు సంబంధించినది కాదు. 1803లో కుంపిణీవారు నాగపురపు భోంసలేలతో యుద్ధమునకు దిగి ఒడిస్సాపై దండెత్తిరి. నాయకుడుగా నియమింపబడిన కల్నల్ కాంబెల్ గంజాములో జబ్బుపడగా, ఆ బాధ్యత కల్నల్ హార్కోర్టునకు సంక్రమించెను. సెప్టెంబరు 8వ తేదీన సైన్యము గంజాము విడిచి ఈ ఇసుక దారినే పట్టెను. 14వ తేదీన మాణికపట్నమును, 18వ తేదీన పూరీని పట్టుకొనెను. ముఖద్వారము దగ్గర మరాఠాలు గట్టిగా నిలిచినయెడల ఆ సైన్యమునకు రెండు నీళ్ల నడుమ కదలుటకు చోటుండెడిది కాదు. అట్లు జరుగలేదు. మాలూదు ప్రాంతపు అధికారి యైన ఫతే మహమ్మదు కుంపిణీ పక్షము వహించి వారికి దారి యిచ్చెను. అందులకు ప్రతిఫలముగా మాలూదు జాగీరు ఆతనికి లభించినది. ఆతడు చేసినది మంచియా చెడ్డయా యను తీర్పు ఎవరికి వారు చెప్పుకొనవచ్చును. మనము గమనింపవలసినది వేరొకటి. తుపాకులున్నను ఫిరంగులున్నను, ఆ చోటు నెరిగినవాని సాయము లేనిదే ఆ ఇసుకలో ఏ సైన్యమును సాగలేదు. సైన్యమునకు సాయపడినవాని పేరు దస్త్రములలో నిలిచినది. వేలకొలది యాత్రికులకు చెలమ చూపినవారి పేరు ఒక్కటియు నిలువలేదు.

దారి కష్టము చాలదన్నట్లు దాని చివర పన్ను కూడ ఉండెను. 1806 మొదలు 1840 వరకు కుంపిణీ ప్రభుత్వము పూరీలో యాత్రికుల వద్ద పన్ను వసూలు చేసెను. ఉత్తరమునుండి వచ్చువారు అఠారనాలా వద్ద, దక్షిణమునుండి వచ్చువారు లోకనాథ ఘట్టము వద్ద చెల్లించి లోనికి పోవలెను. 1810 నాటి నిబంధనల ప్రకారము మొదటి తరగతి యాత్రికుడు ఉత్తరమునుండి వచ్చినచో 10 రూపాయలు, దక్షిణమునుండి వచ్చినచో 6 రూపాయలు ఇయ్యవలసి యుండెను. ఆనాటి కూలివానికి ఆరు రూపాయలనగా ఎన్నో దినముల కష్టము.

ఈ కాలముననే ఒక తెలుగువాడు పెద్ద పరివారమును వెంటబెట్టుకొని జగన్నాథమునుండి గంజాము మీదుగా స్వస్థలమునకు మరలిపోయెను. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. 1830 మే 18వ తేదీన సుమారు నూరుమందితో బయలుదేరి, హైదరాబాదు, నాగపురము, ప్రయాగ మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరముల దారిని 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. దారిలో తాను చూచిన సంగతులను కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్ల గారికి జాబులుగా వ్రాయుచు వచ్చెను. ఆ జాబులే కాశీయాత్ర చరిత్రయై, ఆయన గతించిన పిదప 1838లో అచ్చుపడినవి. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని మరల ప్రకటించి ఆంధ్రులకు గొప్ప ఉపకారము చేసిరి.

వీరాస్వామయ్యగారి గ్రంథమును సాధారణముగా సాంఘిక చరిత్రకు ఆధారముగా చదువుదురు. నాకు అది ముఖ్యముగా దారి నడిపించువాని గ్రంథము వలె తోచును. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడలు, నీరు మంచిదా చెడ్డదా, దిగుటకు వసతి కలదా, అంగళ్లలో వస్తువులు దొరకునా, ఏరు దాటుట యెట్లు, దారి ఇసుకయా రేగడయా — ఇవియే ఆయన ప్రతి మజిలీలోను మొదట గమనించినవి. తరువాత వచ్చువాడు తనవలె కష్టపడరాదను తలంపు ప్రతి పుటలోను కనబడును. నూరుమంది ఆకలిదప్పులను తన తలపైన వేసికొని పదునైదు నెలలు నడిపించినవానికే అట్టి చూపు అలవడును. అయినను ఆయనకు సైతము ప్రతి సీమలోను ఆ సీమవాని మాట వినక తప్పలేదు. ఎన్నో భాషల నడుమ సాగిన ఆ యాత్రలో దుబాసీ వృత్తి ఆయనకు కోర్టులోకంటె దారిలో ఎక్కువగా ఉపయోగపడియుండును.

లోకమున ఇతర దేశములందును ఇదియే కథ. అమెరికాలోని అరిజోనా ఎడారిలో కొలరాడో నది కోసిన గొప్ప లోయ యొకటి కలదు. దాని లోతు మైలునకు మించును. 1869లో జాన్ వెస్లీ పావెల్ అను పండితుడు తొమ్మిదిమందిని వెంటబెట్టుకొని ఆ నదిమీద పడవలలో బయలుదేరెను. ఒకడు ముందుగానే విడిపోయెను. తిండి తరిగి భయము పెరిగిన పిదప, ఆగష్టు 28వ తేదీన మరి ముగ్గురు గుంపును విడిచి లోయ గోడ నెక్కి పోయిరి. వారు మరల కనబడలేదు. మిగిలిన ఆరుగురు రెండు దినములలోనే లోయ దాటి బయటపడిరి. గుంపు విడువరాదను మన యాత్రికుల నియమమునకు ఇంతకంటె వేరు దృష్టాంతము అక్కరలేదు. నేడు ఆ లోయలో వీపున మూటలతో కొన్ని దినములు నడచు వేడుక యాత్రికులు వేలకొలదిగా గలరు. వారిని నడిపించువారు ఎచ్చట ఊట ఉన్నదో దానిని బట్టియే మజిలీలు నిర్ణయింతురు. అట్టి ఊటతోట యొకటి హవసుపాయి అను ఆదివాసులది. వారిని అచ్చటినుండి వెడలగొట్టిన ఎన్నో ఏండ్లకు, 2022లో, ఆ తోటకు వారి పేరు పెట్టిరి. ఆలస్యమైనను అది న్యాయమే.

మన ఇసుక దారి కథకు ముగింపు పొగబండి వ్రాసినది. 1893 మొదలు 1896 వరకు బెజవాడనుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గము పడినది. 1897లో ఖుర్దారోడ్డునుండి పూరీకి శాఖ వెలసినది. కొండలకును చిల్కాకును నడుమ ఇనుప దారి పడుటతో తూర్పున నున్న ఇసుక దారి పాడుబడెను. కొన్ని దినముల నడక కొన్ని గంటలైనది. ముసలి తల్లి ప్రాణభయము లేక స్వామిని చూచి రాగలిగినది. ఇందులకు మనము సంతోషింపవలసినదే. పాత కష్టములను కొనియాడి పాత కాలమే మేలనుట అవివేకము. కాని ఆ దారితోపాటు ఆ దారి నెరిగినవారును మరుగుపడిరి.

పూర్తిగా మరుగుపడిరా? పూరీ సముద్రతీరమున స్నానము చేసిన ప్రతివారును ఒక దృశ్యము చూచియుందురు. మొనదేలిన టోపీ పెట్టుకొన్న నల్లని మనిషి యొకడు భయపడుచున్న యాత్రికురాలి చేయి పట్టుకొని, అల వచ్చువేళ వంగుమని, అల పోవువేళ నిలువుమని చెప్పుచు, మూడు మునకలు వేయించి గట్టుకు చేర్చును. వీరిని అచ్చట నోలియా లందురు. వీరు తెలుగు మాటలాడు పల్లెకారులు. దక్షిణమునుండి ఈ తీరము వెంబడియే పోయి స్థిరపడినవారు. పూరీలోని పెంఠకటా వీరి పెద్ద నివాసము. గంజాము తీరపు పల్లెలలోను వీరు కలరు. గోపాలపురము రేవుగా వెలిగిన దినములలో, ఓడకును గట్టునకును నడుమ అలలపైన పడవలు నడిపి సరకులను మనుష్యులను దాటించినవారును వీరే. ఇంట తెలుగు, బయట ఒడియా; నీటివద్ద రెండును. తిథిని బట్టి సముద్రమును చదువు విద్య నేటికిని వీరి నోటనే యున్నది.

మన సంఘముల సంచికలలో గంజాము తెలుగువారి చరిత్ర యనగా జమీందారులు, కవులు, వకీళ్లు, వర్తకులు కనబడుదురు. కొన్నింటిలో బరంపురము పట్టు నేసిన సాలెవారును కనబడుదురు. చెలమ చూపినవాడు, పడవ దాటించినవాడు, అలలో చేయి పట్టుకొన్నవాడు కనబడుట అరుదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రమేర్పడి మనము ఇవతలను, మన బంధువులు కొందరు ఇచ్ఛాపురమునకు అవతలను నిలిచిన నాటినుండి, మనము ఈ నేలపై ఎవరమను ప్రశ్న మనలను వదలలేదు. ఆ ప్రశ్నకు ఎన్నో సమాధానములు వినుచున్నాము. ఈ ఇసుక దారి చెప్పు సమాధానము సరళమైనది. రెండు భాషల నడుమ నిలిచి, ఎవని దేశము ఏదని అడుగక, దాహము గొన్నవానికి నీరు చూపి గట్టు చేర్చినవారు మనవారిలో కలరు. ఇచ్చట ఉండుటకు అంతకంటె గొప్ప హక్కుపత్రము మరియేమి కావలెను?

కావున నా విన్నపమొక్కటే. తీరపు పల్లెలలో వృద్ధులు ఇంకను ఉన్నారు. ఆటుపోట్ల లెక్క, గాలుల పేర్లు, చెలమ తీయు విధము, పాత రేవుల జాడ వారికి తెలియును. మన యువకులు ఒక సెలవుదినమున పోయి, వారి పాదముల వద్ద కూర్చుండి, విన్నది విన్నట్లు వ్రాసికొని రావలెను. అట్లు వ్రాసినవారి పేరు వచ్చు సంచికలో అచ్చగును. చెప్పినవారి పేరు దానికంటె ముందు అచ్చు కావలెను.